ట్యాంకు ట్యాంకుకూ మైలేజీ మారుతోంది, ఇంజెక్టర్లు మార్చాలా?

ప్రశ్న: సార్, మాది అచ్చంపేట దగ్గర పల్లె. పోయిన యాసంగి వేరుశనగ డబ్బులతో 2016 మోడల్ పాత థార్ డీజిల్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటికీ పొలానికీ మధ్య మూడు కిలోమీటర్ల బండ్లబాట, దారిలో ఒక వాగు. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ చూసుకున్నాను. మైలేజీ మాత్రం ఒక్కోసారి ఒక్కోరకంగా వస్తోంది. మొదట లెక్క చూస్తే లీటరుకు 13.8. తర్వాత 10.6. మళ్లీ 12 పైన వచ్చింది. వానలు పడ్డాక ఏడున్నరకు దిగింది. నూటయాభై, నూటఎనభై కిలోమీటర్లు తిరగ్గానే నేను మళ్లీ ట్యాంకు నింపిస్తాను. మెకానిక్‌కు చూపిస్తే నాలుగు ఇంజెక్టర్లూ పోయాయి, అరవై వేలు అవుతుంది అన్నాడు. మా బావమరిది ఏమో చిన్న లివర్‌ను ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగేలా పెట్టి నడుపు, ఇంజిన్ మీద భారం తగ్గి డీజిల్ మిగులుతుంది అంటున్నాడు. ఇంకో సంగతి, ఊళ్లో సీసీ రోడ్డు మీద బండి మలుపుతుంటే ఒక్కోసారి స్టీరింగ్ బిగుసుకుపోయి, ఎవరో వెనక్కి గుంజుతున్నట్టు ఉంటుంది. ఉమామహేశ్వరం గుట్ట దిగేటప్పుడు ఫోర్ లో వేయవచ్చా? అరవై వేలు పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం:

అరవై వేలు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉండనివ్వండి. ఆ వయసు డీజిల్ బండికి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అరగడం వింతేమీ కాదు. కానీ మీరు రాసిన అంకెల్లో ఆ లక్షణం కనబడడం లేదు. ఇంజెక్టర్ పాడైతే మైలేజీ పడిపోతుంది, పడిపోయి అక్కడే ఉంటుంది. ఒక వారం పదిన్నరకు దిగి, పై వారం తనంతట తాను పన్నెండుకు ఎక్కదు. మీ అంకెలు ఊగుతున్నాయి. ఊగే అంకెను చూసినప్పుడు ముందు అనుమానించాల్సింది లెక్క తీసిన పద్ధతిని.

మీరు నూటఎనభై కిలోమీటర్లకే ట్యాంకు నింపిస్తున్నారు. మీ బండి నిజంగా లీటరుకు 12 ఇస్తోందని అనుకుందాం. 180 కిలోమీటర్లకు 15 లీటర్లు కాలిపోయి ఉంటుంది. ఇప్పుడు బంకులో నాజిల్ టక్కున ఆగింది. డీజిల్‌కు నురగ ఎక్కువ, ట్యాంకు ఇంకా రెండు లీటర్లు పట్టేటట్టున్నా ఆ నురగకే నాజిల్ ఆగిపోతుంది. మీటరు మీద 13 లీటర్లు పడింది. ఇంటికొచ్చి లెక్క కడితే 13.8. పై సారి ఇంకో బంకుకు పోయారు, అక్కడి నేల కొంచెం అటువైపు వాలి ఉంది, కుర్రాడు బండిని కాస్త ఊపి మూతి దాకా పోశాడు. పోయినసారి తక్కువ పడ్డ రెండు లీటర్లూ ఇప్పుడు కలిసి 17 అయ్యాయి. లెక్క 10.6. బండి అదే, ఇంజెక్టర్లు అవే, నడిపినవారూ మీరే. మీరు రాసిన మొదటి రెండు అంకెలూ సరిగ్గా ఇవే కావడం గమనించండి.

అదే రెండు లీటర్ల తేడాను పెద్ద దూరం మీద వేసి చూడండి. 600 కిలోమీటర్లకు 50 లీటర్లు కావాలి. రెండు తక్కువ పడితే 12.5, రెండు ఎక్కువ పడితే 11.5. తప్పు అలాగే ఉంది, కానీ దాన్ని చూసి ఎవరూ ఇంజిన్ విప్పమని చెప్పరు. మీ బండి ట్యాంకు 60 లీటర్లది కాబట్టి ఒక ట్యాంకును దాదాపు చివరి దాకా వాడి లెక్క తీయడం మీకు కష్టం కాదు. అలాగని ముల్లు అడుగుకు తగిలే దాకా ఆగకండి. డీజిల్ లైనులోకి గాలి దూరితే మళ్లీ పంపు కొట్టి స్టార్ట్ చేసుకోవడం పెద్ద తలనొప్పి.

కాబట్టి ఒకే బంకు, వీలైతే ఒకే పంపు పెట్టుకోండి. నాజిల్ మొదటిసారి ఆగిన దగ్గరే ఆపేయమనండి, ‘రౌండ్ ఫిగర్ చేద్దామా అన్నా’ అంటే వద్దనండి. బండిలో ఒక చిన్న నోటుబుక్కు పడేసి తారీకు, మీటరు రీడింగ్, లీటర్లు రాయండి. రూపాయలు రాయకండి. మనవాళ్లలో సగం మంది ‘వెయ్యి రూపాయలకు కొట్టు’ అనే లెక్కలో బతుకుతారు, ఆ లెక్కతో ఏ బండి మైలేజీ ఎంతో తేల్చలేం. రీడింగ్ పక్కన ఒక్క మాట కూడా ఉండాలి: ‘హైదరాబాద్’, ‘పొలం’, ‘యూరియా లోడు’, ఇలా. ఆ ఒక్క మాటే రేపు మీ అరవై వేలు కాపాడేది. బంకు కొలత మీదే అనుమానం ఉంటే, అయిదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. ప్రతి బంకులో ఆ పాత్ర ఉండాలి.

ఇక వానల తర్వాత వచ్చిన ఏడున్నర సంగతి. ఇది లెక్క తప్పు కాకపోవచ్చు. బండి ఆ డీజిల్‌ను నిజంగానే తాగి ఉంటుంది, అయినా అందులో రోగం ఏమీ లేదు.

మీ ఊళ్లో ట్రాక్టర్ ఉన్న ఎవరినైనా ‘లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది’ అని అడిగి చూడండి, నవ్వుతారు. దుక్కి దున్నే బండికి గంటకు ఎన్ని లీటర్లు అన్నదే లెక్క. మీ థార్ బురదబాటలో ఫోర్ లోలో పాకుతున్నంతసేపూ దానిదీ ట్రాక్టర్ బతుకే. రోడ్డు మీద 100 కిలోమీటర్లు పోయారు, 12 చొప్పున 8.3 లీటర్లు. అదే ట్యాంకులో నాలుగు రోజులు, రోజుకో గంట చొప్పున, పొలం బాటలో గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో తిరిగారు. గంటకు రెండు లీటర్లు కాలింది అనుకుంటే 8 లీటర్లు, దూరం 20 కిలోమీటర్లు. మొత్తం 120 కిలోమీటర్లకు 16.3 లీటర్లు. లీటరుకు 7.4. మీకొచ్చిన ఏడున్నర ఇదే. పొలం దగ్గర ఎరువు బస్తాలు దించుతూ ఇంజిన్ ఆపకుండా వదిలేసిన సేపు, ఎండ వేళ ఏసీ వేసుకొని చెట్టు కింద కూర్చున్న సేపు, ఇవి కూడా ఇందులోకే వస్తాయి. మీటరు కదలకపోయినా ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది.

మీ బావమరిది సలహా దగ్గరికి వస్తే, ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఫోర్ లోలో ఇంజిన్ మీద భారం తగ్గే మాట వాస్తవమే. కానీ డీజిల్ మిగలదు. గేర్‌బాక్స్ వెనకాల ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో పెట్టె ఉంటుంది, మీ చిన్న లివర్ కదిపేది దాన్నే. టూ హైలో వెనక చక్రాలే లాగుతాయి, ఫోర్ హైలో, ఫోర్ లోలో నాలుగూ లాగుతాయి. హైలో ఉంటే గేర్‌బాక్స్ తిరిగినంత వేగంతోనే చక్రాలవైపు షాఫ్టులూ తిరుగుతాయి. లోలో పెడితే ఆ వేగం ఈ పాత థార్‌లో దాదాపు రెండున్నర రెట్లు తగ్గుతుంది, లాగే బలం అంతే పెరుగుతుంది. హైలో మొదటి గేరులో ఒక మోత దగ్గర గంటకు పది కిలోమీటర్లు పోతుంటే, లోలో అదే మోతకు నాలుగు కిలోమీటర్లే పోతారు. మనిషి నడక కన్నా నెమ్మది. అంటే ప్రతి కిలోమీటరుకూ ఇంజిన్ రెండున్నర రెట్లు ఎక్కువసార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ లోపలి రాపిడికి కొంత డీజిల్ పోతుంది. మంచి రోడ్డు మీద ఫోర్ లో వేసుకుంటే బండి అరుస్తుంది, వేగం రాదు, డీజిల్ మరింత కాలుతుంది.

అలాగని డీజిల్‌కు భయపడి అవసరమైన చోట ఫోర్ లో వేయకపోవడం ఇంకా పెద్ద నష్టం. బురదలో, రాళ్ల మీద, వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు చాలామంది ఫోర్ హైలోనే మొదటి గేరు వేసి, సగం క్లచ్ మీద రేస్ ఇస్తూ ఎక్కించాలని చూస్తారు. కాసేపటికి మాడు వాసన వస్తుంది. ఆ వాసన క్లచ్ ప్లేటుది, అక్కడ కాలేది లీటరు డీజిల్ ఖరీదు కాదు, వేలల్లో ఉంటుంది. ఫోర్ లోలో క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటర్ మీద కాలు అలా ఆనించి ఉంచితే చాలు, బండి దానంతట అది పాక్కుంటూ పోతుంది.

వేసే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే పాత బండ్లలో ఈ లివర్‌ను కొట్టి కొట్టి పాడు చేస్తారు. బండి పూర్తిగా ఆపండి. క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి లివర్ లాగండి. పడకపోతే బలవంతం చేయకండి. బండిని ఒక అడుగు ముందుకు కదలనిచ్చి మళ్లీ ప్రయత్నించండి, లోపల పళ్లు ఎదురెదురుగా వచ్చి పడుతుంది. ఇదంతా వాగులోకి దిగకముందే చేసుకోవాలి. కూరుకుపోయాక లివర్ వెతుక్కుంటే అప్పటికే చక్రాలు గుంత తవ్వేసి ఉంటాయి. లోలో బలం ఎక్కువ కాబట్టి గట్టిగా తొక్కి కుదుపులివ్వకండి, యాక్సిల్ షాఫ్టులు విరిగేది అప్పుడే. నీటిలో ఉన్నంతసేపు గేరు మార్చడం, క్లచ్ తొక్కడం చేయకుండా ఒకే వేగంతో దాటేయండి. నీళ్లు పారుతూ మోకాలు లోతు దాటితే మాత్రం ఫోర్ లో మిమ్మల్ని కాపాడదు, బండి ఒడ్డునే పెట్టి నడిచి వెళ్లే దారి చూసుకోండి.

సీసీ రోడ్డు మీద స్టీరింగ్ బిగుసుకోవడానికి కారణం నాకు దాదాపు ఖాయంగా తెలుస్తోంది. పొలం నుంచి వచ్చి లివర్‌ను టూ హైకి మార్చడం మరిచిపోతున్నారు. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద గుండ్రం, వెనక చక్రాలు చిన్న గుండ్రం తిరుగుతాయి. రెండింటికీ నడిచే దూరం వేరు. మీ బండిలో ముందు, వెనక షాఫ్టుల మధ్య ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు, ఫోర్ వీల్ వేయగానే రెండూ కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. బురదలో అయితే ఏదో ఒక చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది. సీసీ రోడ్డు మీద జారే వీలు లేదు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో చుట్టుకుపోతుంది. మీకు వెనక్కి గుంజినట్టు అనిపించేది అదే. కొన్నిసార్లు ఆ ఒత్తిడి వల్లే లివర్ కూడా వెనక్కి రాదు. అప్పుడు స్టీరింగ్ తిన్నగా పెట్టి బండిని నాలుగు అడుగులు రివర్స్ చేయండి, వదులవుతుంది. ఇలా మరిచిపోయి తిరిగిన కిలోమీటర్లలో డీజిల్ తినడం చిన్న విషయం, టైర్లూ ట్రాన్స్‌ఫర్ కేసూ అరగడం పెద్ద విషయం. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు వెలగకపోతే అది కూడా బాగు చేయించండి.

టూ హైలో ఉన్నా బిగుసుకుంటుంటే ఒక పరీక్ష ఉంది. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపండి. లివర్ టూ హైలో ఉన్నప్పుడు ఆ చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. తిరగకపోతే ఒకటి ఫోర్ వీల్ విడవడం లేదు, లేదా బ్రేకు పట్టేసింది. రెండూ మైలేజీని తినేవే. బండి కిందకు మాత్రం దూరకండి, జాకీని నమ్మకూడదు.

గుట్ట దిగడం సంగతి. ఉమామహేశ్వరం రోడ్డుకైనా, దోమలపెంట దగ్గర డ్యాం వైపు దిగే ఘాట్‌కైనా ఫోర్ లో అక్కర్లేదు, వేయకూడదు కూడా. అక్కడ ఉన్నది తారు, ఉన్నవి మలుపులు, ఇప్పుడే చెప్పిన బిగుసుకుపోయే తంటా మళ్లీ వస్తుంది. టూ హైలోనే ఉండి రెండో గేరో మూడో గేరో వేసుకోండి, ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ అదే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. నా దృష్టిలో ఇంతకన్నా తెలివితక్కువ పొదుపు లేదు. మీది డీజిల్ కొలతను కంప్యూటర్ చూసుకునే సీఆర్‌డీఈ ఇంజిన్, అందులో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటరే డీజిల్ ఆపేస్తుంది, ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ పోయాల్సి వస్తుంది. బ్రేకులు కాలిపోవడం దాని మీద అదనం.

హైవే మీది తేడాలకు కారణం వేగం. థార్ డబ్బా ఆకారం గాలిని చీల్చదు, తోస్తుంది. 80లో ఉన్నప్పటి గాలి ఒత్తిడి 100కు వెళ్లేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కల్వకుర్తి దాటాక రోడ్డు ఖాళీ దొరికితే కాలు ఎలా కిందికి పోతుందో అందరికీ తెలిసిందే. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేలోపు చేరాలని తొక్కే బండ్లకు ఆ రోజు వచ్చే మైలేజీ అడగనే వద్దు.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకొకటి తప్పకుండా చూడాలి, టైర్లు. ఈ మోడల్‌కు కంపెనీ ఇచ్చింది 235/70 ఆర్16. మాన్యువల్‌లో సరిపోల్చుకోవచ్చు. పాత ఓనర్లు బండి ఎత్తుగా కనబడాలని 245/75 ఆర్16 లాంటివి వేయిస్తుంటారు. ఆ టైరు అయిదు శాతం పెద్దది. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. నిజంగా 105 కిలోమీటర్లు పోతే మీటరులో 100 పడుతుంది. మీ నోటుబుక్కులో 11.4 వచ్చినా అసలు మైలేజీ 12 అన్నమాట. హైవే పక్కన కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ ఒక ఇరవై కిలోమీటర్లు పోతే మీ మీటరు ఎంత నిజం చెబుతోందో తేలిపోతుంది. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు, లేదా వెనక కొత్తవి ముందు బోడివి ఉంటే, ఫోర్ వీల్ వేసినప్పుడు తిన్నగా పోతున్నా బిగుసుకుంటుంది. గాలి సంగతి ఎంత చెప్పినా తక్కువే: పొలంలో పట్టు కోసం గాలి తగ్గించి, అదే గాలితో హైదరాబాద్ పోయేవాళ్లున్నారు. మైలేజీ ఒక్కటే కాదు, ఆ వేడికి టైరు పగిలే ప్రమాదం ఉంది.

ఇంత చూశాక, మూడు పెద్ద ట్యాంకుల లెక్క వచ్చాక, హైదరాబాద్ ట్రిప్పుల మైలేజీ 11 నుంచి 13 మధ్య ఉంటే ఈ బండికి అది ఆరోగ్యమే. ఆ రోడ్డు ట్రిప్పులు కూడా పదికి కింద పడి అక్కడే నిలిచిపోతే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. పోగానే ఇంజెక్టర్ల మాట ఎత్తనివ్వకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు అడ్డం పెట్టి చూడమనండి, మన చెలక దుమ్ముకు అది త్వరగా మూసుకుపోతుంది. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో పైపులు వదులై గాలి బుసకొడుతోందేమో, ఎక్కుడులో నల్లపొగ వస్తోందేమో చూడాలి. ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చేయి దగ్గరగా పెట్టి చూడండి, ఒక్కటే సెగ కొడుతుంటే దాని బ్రేకు పట్టేసినట్టు.

అప్పటికీ తేలకపోతే రిటర్న్ టెస్ట్ అడగండి. ఇంజెక్టర్ వాడకుండా వెనక్కి పంపే డీజిల్‌కు చిన్న పైపులు ఉంటాయి. నాలుగింటికీ నాలుగు గొట్టాలు తగిలించి, ఒకే సైజు సీసాల్లోకి వదిలి, ఇంజిన్‌ను కాసేపు నడుపుతారు. నాలుగు సీసాల్లో దాదాపు సమానంగా, కొద్దికొద్దిగానే వస్తే ఇంజెక్టర్ల లీకు అనుమానం చాలావరకు పోయినట్టే. ఒక సీసా మిగతా వాటికన్నా వేగంగా నిండితే దాని ఇంజెక్టర్ అరిగింది, దాన్ని తీసి బెంచి మీద పరీక్షించి బాగు చేయించవచ్చు, లేదా ఆ ఒక్కటే మార్చవచ్చు. ఈ పరీక్ష చేయకుండా నాలుగూ పోయాయని చెప్పే మెకానిక్‌ను ‘సీసాలు పెట్టి చూపించు అన్నా’ అని అడగడానికి మొహమాటపడకండి. చేయనంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

షెడ్డుకు పోయిన రోజే ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనక యాక్సిళ్ల ఆయిల్ బోల్టులు విప్పించి చూడండి. మీరు రోజూ వాగు దాటుతున్నారు, పాత ఓనరు ఏం చేశాడో తెలియదు. వేడి మీదున్న యాక్సిల్ చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకొని, బ్రీదర్ పైపు (యాక్సిల్‌లోకి గాలి వచ్చిపోయే గొట్టం) నుంచో సీళ్ల నుంచో నీళ్లు లాక్కుంటుంది. ఆయిల్ తెల్లగా, చిక్కగా వచ్చిందంటే నీళ్లు కలిసినట్టే. వెంటనే పారబోయించి కొత్తది పోయించండి, బ్రీదర్ పైపు ఊడిపోయి ఉంటే తగిలించమనండి.